జేబుచాకు పాడయ్యేది మూసి ఉన్నప్పుడే

మడత చాకు పాడవడానికి కారణం వాడకమేనని చాలామంది అనుకుంటారు. ఏళ్ల తరబడి కోస్తే అరగదా, గట్టివాటి మీద పెడితే విరగదా అంటారు. పాతబడిన చాకును విప్పి చూస్తే మాత్రం సంగతి వేరుగా కనిపిస్తుంది. రోజూ పని చేసిన అంచు కాస్త సన్నబడి ఉంటుంది, అంతే. తుప్పు తిని గుంటలు పడింది కీలు చుట్టూ, పిడి గాడిలో దాగి ఉండే భాగంలో, స్ప్రింగు లోపలి వైపున. అంటే గాలి ఆడని చోట, ఎవరూ తుడవని చోట. చాకు రోజులో తెరిచి ఉండేది కొద్ది నిమిషాలే. మిగిలిన సమయమంతా జేబులోనో సొరుగులోనో మూసే ఉంటుంది. ఆ సమయంలో దాని లోపల ఏం మిగిలి ఉందన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది.

ఇది అర్థం కావాలంటే నిర్మాణం కొంత తెలియాలి. ఇంగ్లండులోని షెఫీల్డ్ 17వ శతాబ్దం నుంచి తయారు చేస్తూ వచ్చిన రకంలో పిడి వెన్ను పొడవునా ఒక ఉక్కు పట్టీ స్ప్రింగులా పనిచేస్తుంది. అలుగు, అంటే చాకులో కోసే ఉక్కు భాగం, దాని మొదలు ఆ పట్టీని నొక్కుతూ తిరుగుతుంది. పూర్తిగా తెరిచినప్పుడూ, పూర్తిగా మూసినప్పుడూ పట్టీ దాన్ని ఒత్తిపట్టి ఉంచుతుంది. తాళం లాంటిది ఏదీ ఉండదు. జపాన్‌లోని మికి పట్టణంలో 1890ల నుంచి తయారవుతున్న హిగోనోకామి ఇంకా సరళమైనది. మడిచిన ఇత్తడి రేకే పిడి, అందులో ఒక అలుగు, దాని వెనుక బొటనవేలితో నొక్కి పట్టుకునే చిన్న తోక. స్ప్రింగు కూడా లేదు, అలుగును నిలిపేది కీలు దగ్గరి రాపిడే.

ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన చాకు ఈ రెండింటికీ భిన్నం. ఒకే చెక్క ముక్కలో గాడి తీసి, అందులో అలుగును ఒక మేకుతో బిగించారు. రైతులకూ పశువుల కాపరులకూ అందుబాటులో ఉండే వస్తువుగా అది మొదలైంది. అలుగు వేళ్ల మీదికి మూసుకుపోకుండా ఆపే తిరిగే ఉంగరం 1955లో వచ్చి చేరింది. ఒకటి స్ప్రింగు మీద, ఒకటి రాపిడి మీద, ఒకటి చెక్క మీద ఆధారపడినా, మూడింటిలోనూ అలుగు వెళ్లి కూర్చునే సందు చాలా ఇరుకు. వదులుగా ఉంటే అలుగు ఊగుతుంది కాబట్టి ఆ ఇరుకు తప్పనిసరి. అదే ఇరుకులో ఒక చుక్క నీరు చేరితే బయటికి రావడానికి దారి ఉండదు.

తుప్పుకు కావలసినవి ఇనుము, నీరు, ఆక్సిజన్. వీటికి ఉప్పు తోడైతే పని వేగం అందుకుంటుంది. గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టడం బాగా పెరుగుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ అంతకంటే పైనే ఉంటుంది. దానికి సముద్రపు గాలిలోని ఉప్పు కలుస్తుంది. వేసవిలో ప్యాంటు జేబులో పెట్టుకుంటే చెమట కలుస్తుంది. చెమటలోని ఉప్పు గాలిలోంచి తేమను తనే లాక్కుంటుంది కాబట్టి ఉప్పంటిన చాకు పొడిగా కనిపించినా లోపల తడిగానే ఉండవచ్చు. ఇక జేబు అడుగున చేరే నూగు ఈ తడిని కీలు దగ్గరే అట్టిపెడుతుంది. నూలు పోగులు, దుమ్ము, పాత నూనె కలిసి గట్టిపడిన ఆ ముద్దను పట్టించుకునేవారు తక్కువ. చాలా చాకుల్లో తుప్పు మొదలయ్యేది అక్కడే.

స్టెయిన్‌లెస్ చాకు కొంటే ఈ బెడద ఉండదన్న నమ్మకం సగమే నిజం. హ్యారీ బ్రియర్లీ 1913లో షెఫీల్డ్‌లో సుమారు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కును తయారు చేశారు. ఆ ఉక్కుతో తొలి చాకులు చేయించిన ఎర్నెస్ట్ స్టువర్ట్ దాన్ని వెనిగర్‌తో పరీక్షించి, మరక పడకపోవడం చూసి ఆ పేరు పెట్టారు. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించనంత పలుచని పొరగా ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది. అలా కట్టుకోవడానికి ఆక్సిజన్ కావాలి. మూసిన చాకు కీలులో, ఉప్పు నీరు నిలిచిన సన్నటి సందులో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. అక్కడ పొర తెగితే తిరిగి కట్టుకోదు, ఉప్పులోని క్లోరైడు లోపలికి తొలుచుకుపోతుంది. బయట అద్దంలా మెరిసే స్టెయిన్‌లెస్ చాకు కీలు దగ్గర గోధుమరంగు చుక్కలు కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి ఏ ఉక్కైనా మొదటి నియమం ఒకటే: పని కాగానే తుడవాలి, పూర్తిగా ఆరాక మడవాలి.

స్టెయిన్‌లెస్ కాని కార్బన్ ఉక్కు సంగతి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సంప్రదాయ చాకుల అసలు రుచి అందులోనే ఉంది. ఒపినెల్ కార్బన్ రకంలో సుమారు 0.9 శాతం కార్బన్ ఉంటుంది. అది నున్నటి సన్నటి అంచు తీసుకుంటుంది, సానరాయి మీద త్వరగా పదునెక్కుతుంది. ఎక్కువ కార్బన్ ఉక్కు తెలుగు నేలకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. ఆ ఉక్కులో కార్బన్ ఒక శాతానికి పైనే. అంత గొప్ప ఉక్కు అయినా తడికి లొంగేదే.

అయితే కార్బన్ ఉక్కు మీద వచ్చే ప్రతి మరకా తుప్పు కాదు. ఇనుప కత్తిపీట మీద అరటికాయ తరిగిన ఇంట్లో ఈ విషయం అందరికీ తెలిసినదే. కాయకు వగరునిచ్చే టానిన్లు ఇనుముతో కలిసి నీలం, నలుపు కలగలిసిన పొర ఏర్పరుస్తాయి. పచ్చిమామిడి, నిమ్మ, చింతకాయ వంటి పుల్లనివి కోసినా అలుగు ముఖం బూడిద రంగుకు మారుతుంది. ఈ నల్లని పొర నున్నగా, లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. పూర్తి రక్షణ ఇవ్వదు కానీ తర్వాతి తుప్పును కొంత నెమ్మదింపజేస్తుంది. ఎర్ర తుప్పు అలా కాదు. పొడిపొడిగా రాలుతుంది, తేమను పీల్చుకుంటుంది, కింద ఉన్న లోహాన్ని ఇంకా తింటూ పోతుంది. గుడ్డతో గట్టిగా రుద్దితే ఎర్రటి పొడి అంటుకుందంటే అది తుప్పు, వెంటనే తీసేయాలి. గుడ్డకు ఏమీ అంటకుండా నల్లటి రంగు అలాగే ఉంటే దాని జోలికి పోకపోవడమే మేలు. చాకును కొత్తదానిలా మెరిపించాలని ప్రతి నెలా రుద్ది రుద్ది ఆ పొరను తీసేసేవారు దాని రక్షణను తామే తీసేస్తున్నారు.

శుభ్రం చేయడం కష్టమైన పనేమీ కాదు, తొందర లేకపోతే చాలు. పండ్లు, కూరగాయలు కోసిన తర్వాత తడిగుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తుడిచేటప్పుడు గుడ్డ అలుగు వెన్ను వైపు నుంచి పట్టుకోవాలి, వేళ్లు అంచుకు అడ్డంగా రాకూడదు. కీలు దగ్గరి నూగును పుల్లతోనో, మెత్తని పాత టూత్‌బ్రష్‌తోనో తీయాలి. సూదితో, స్క్రూడ్రైవర్‌తో గెలికితే లోపల గీతలు పడి, ఆ గీతల్లోనే తర్వాత తడి నిలుస్తుంది. లోహపు, ప్లాస్టిక్ పిడి ఉన్న స్విస్ చాకుల్లాంటివి బాగా బిగుసుకుపోతే గోరువెచ్చని సబ్బు నీళ్లలో ఉంచి, నీటిలోనే చాలాసార్లు తెరిచి మూయాలి. లోపలి మురికి అలా బయటికి వస్తుంది. ఆ తర్వాత మంచినీటితో కడిగి, అన్ని అలుగులూ సగం తెరిచి నీడలో గాలికి ఉంచాలి. ఒక రాత్రంతా అలా ఉంచడం మంచిది. పొయ్యి దగ్గర, మండుటెండలో ఆరబెడితే చెక్క పిడి పగులుతుంది. పాత్రలు కడిగే యంత్రంలో సంప్రదాయ చాకును ఎప్పుడూ వేయకూడదు. అక్కడి వేడి, క్షారం, గంటల తరబడి తడి కలిసి పిడినీ కీలునూ ఒకేసారి దెబ్బతీస్తాయి.

చెక్క, ఎముక, కొమ్ము పిడులను నీటిలో నానబెట్టకూడదు. ఒపినెల్ వాడేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పిడికి వాడే బీచ్ అనే చెట్టు చెక్క తేమకు ఉబ్బి అలుగును గట్టిగా పట్టేస్తుంది, గోటితో తెరుచుకోదు. సవోయ్ రైతుల ఉపాయం ఏమిటంటే, ఉంగరం తాళం తీసి ఉందని చూసుకుని, పిడి చివరను బల్ల మీద చిన్నగా తట్టడం. ఆ అదురుకు అలుగు కొద్దిగా బయటికి వస్తుంది, అక్కడి నుంచి వేళ్లతో తీయవచ్చు. కత్తితోనో పళ్లతోనో లాగడం ప్రమాదం. మన వర్షాకాలంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఉబ్బకుండా ఉండాలని కొందరు పిడి గాడికి అవిసె నూనె పట్టిస్తారు. చెక్కకు అది మంచిదే, ఆరిన తర్వాత గట్టి పొరలా నిలుస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి: అవిసె నూనె తడిసిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. గుడ్డను విప్పి ఆరుబయట ఆరేసి, ఆ తర్వాతే పారేయాలి.

ఇదే గుణం వల్ల అవిసె నూనె కీలుకు పనికిరాదు. ఆరి గట్టిపడే నూనె ఏదైనా కీలులో జిగురుగా మారి అలుగును పట్టేస్తుంది. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు కూడా కాలం గడిచేకొద్దీ జిడ్డుగా చిక్కబడతాయి. కొబ్బరి నూనె వాటికంటే నయం, అంత త్వరగా చెడదు. అయితే సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి చలికాలం ఉదయాల్లో కీలు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. జపాన్‌లో కత్తులకు తరతరాలుగా కెమీలియా అనే పూల మొక్క గింజల నూనె వాడుతున్నారు. ఇక్కడ సులువుగా దొరికేవాటిలో తినడానికి అనువైన లిక్విడ్ పారఫిన్ అన్నిటికంటే సరైనది. మందుల దుకాణాల్లో దొరుకుతుంది, చెడిపోదు, పండు కోసే అలుగుకు పూసినా భయం లేదు. కుట్టుమిషన్ నూనె కీలుకు బాగా పనిచేస్తుంది, తినే పదార్థాలు కోసే చాకుకు మాత్రం వద్దు.

నూనె ఎక్కువైతే మేలు ఎక్కువ అనుకోవడం పెద్ద పొరపాటు. అలుగుకూ స్ప్రింగుకూ మధ్య ఒక చుక్క, అలుగు మీద గుడ్డతో అద్దినంత పూత చాలు. చుక్క వేశాక నాలుగైదుసార్లు తెరిచి మూసి, బయటికి వచ్చినదాన్ని తుడిచేయాలి. మొదట బయటికి వచ్చే నూనె నల్లగా ఉంటుంది. అది లోపలి మురికి. మరో చుక్క వేసి మళ్లీ తుడిస్తే క్రమంగా తేటపడుతుంది. తుడవకుండా వదిలేసిన నూనె జేబులోని దుమ్మును పిలిచి పట్టుకుంటుంది. ఆ దుమ్ములో ఇసుక రేణువులుంటే కీలు ఆడిన ప్రతిసారీ లోహాన్ని అరగదీస్తాయి.

మూయడంలోనూ ఒక పద్ధతి ఉంది. స్ప్రింగు ఉన్న చాకును వదిలేస్తే టప్‌మని మూసుకుంటుంది. ఆ శబ్దం కొందరికి ఇష్టం. కానీ ఆ వేగానికి అలుగు అంచు లోపలి స్ప్రింగును తాకి, సరిగ్గా ఒక చోట మొద్దుబారుతుంది. ఎంత సాన పట్టినా ఎప్పుడూ అదే చోట కోయని చాకుల్లో చాలావాటికి జబ్బు ఇదే. తాకకుండా ఆపడానికి అలుగు మొదట్లో చిన్న మెట్టులాంటి భాగం ఉంటుంది. అతిగా సాన పట్టి దాన్ని కూడా అరగదీస్తే అంచు మరింత లోతుకు దిగుతుంది. వేళ్లతో అలుగును దించి, చివరి భాగాన్ని అరచేతితో మెల్లగా నొక్కి మూయడం అలవాటైతే పదును ఎక్కువ కాలం నిలుస్తుంది.

పదును విషయంలో జరిగే నష్టం దాదాపు అంతా తొందర వల్లే. సైకిల్ చక్రంతో తిరిగే సానతో వీధుల్లోకి వచ్చేవారు కత్తిపీటలకూ పెద్ద కత్తెరలకూ చేసే మేలు కాదనలేనిది. జేబుచాకు పలుచని అలుగుకు మాత్రం ఆ సాన సరిపోదు. చాకు ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలోనో నీటిలోనో ముంచి గట్టిపరుస్తారు. తర్వాత 200 డిగ్రీలకు అటూఇటూగా మళ్లీ వేడిచేసి పెళుసుతనం తగ్గిస్తారు. వేగంగా తిరిగే సాన మీద పలుచని అంచు క్షణాల్లో ఆ వేడిని దాటిపోతుంది. లేత పసుపు రంగు కనిపిస్తే 220 డిగ్రీల ప్రాంతం, నీలం కనిపిస్తే 300కు దగ్గర. నీలం తేలిన చోట ఉక్కు మెత్తబడిపోయింది. ఆ భాగం పూర్తిగా అరిగిపోయేదాకా పదును నిలవదు. నిప్పురవ్వలు చూడటానికి బాగానే ఉంటాయి, కానీ ప్రతి రవ్వా అలుగు నుంచి పోయిన ఉక్కే.

చేతితో సానరాయి మీద పట్టడమే మేలు. మధ్యరకం రాయి, తర్వాత సన్నరకం రాయి, నీరో నూనెయో ఏదో ఒకటి. ఒక రాయికి నూనె వాడటం మొదలుపెడితే ఆ రాయికి నూనే వాడాలి. అలుగును రాయి మీద పరిచి, వెన్నును కొద్దిగా పైకెత్తితే వచ్చే 15 నుంచి 20 డిగ్రీల కోణం చాలు. ముఖ్యమైనది కోణం ఎంత అన్నదానికంటే మొదటి నుంచి చివరి దాకా అదే కోణం నిలవడం. ఒకవైపు రాస్తూ ఉంటే అవతలి వైపు అంచు పొడవునా సన్నటి గరుకు తేలుతుంది, వేలిని అంచుకు అడ్డంగా, బయటి వైపుకు జరిపితే తెలుస్తుంది. అది తేలిందంటే ఇవతలి వైపు పని అయినట్టు. రెండోవైపు కూడా అలాగే చేసి, చివర తోలుపట్టీ మీద వెన్ను ముందుకు ఉండేలా లాగితే ఆ గరుకు రాలిపోతుంది. మామూలు వాడకంలో చాలాసార్లు తోలుపట్టీ ఒక్కటే సరిపోతుంది. సానరాయి ఎప్పుడో ఒకసారి చాలు. సాన పట్టాక అలుగును కడిగి తుడవాలి, రాతి పొడి కీలులోకి వెళ్తే ఇసుక చేసే పనే చేస్తుంది.

ఇక వెంట ఉంచుకోవడం. తాళంచెవులు, నాణేలు ఉన్న జేబులో చాకు వేస్తే పిడి గీతలు పడుతుంది, ఫోను అద్దం కూడా. చిన్న గుడ్డ సంచీలోనో పలుచని తోలు జేబులోనో పెట్టి వేయడం మంచిది. తోలు విషయంలో ఒక జాగ్రత్త ఉంది: తోలును శుద్ధి చేయడానికి వాడే ఆమ్లాలు, లవణాలు అందులో కొంత మిగిలి ఉంటాయి. వెంట ఉంచుకునేటప్పుడు పరవాలేదు, నెలల తరబడి తోలు సంచీలోనే దాచితే ఉక్కు మీద తుప్పు, ఇత్తడి భాగాల మీద పచ్చటి చిలుము తేలతాయి. దాచేటప్పుడు సంచీ నుంచి తీసి, పలుచగా నూనె పూసి, పొడి గుడ్డలో చుట్టాలి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న కత్తులు ఆయుధాల వర్గంలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, పరిశ్రమల పనిముట్లకు మినహాయింపు ఉంది. మామూలు జేబుచాకు ఏదీ ఆ కొలతకు దగ్గరికి కూడా రాదు. కానీ స్థానిక ఉత్తర్వులు వేరుగా ఉండవచ్చు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ 7.62 సెంటీమీటర్లు, ఆపైన అలుగు ఉన్న, బటన్ నొక్కితే తెరుచుకునే చాకులను కట్టడి చేసింది. ఎన్నికల వేళ, ఉద్రిక్తత ఉన్నప్పుడు నిషేధాజ్ఞలు అమల్లో ఉన్న ప్రాంతంలో ఏ కత్తీ వెంట పెట్టుకోకపోవడమే సరైనది. విమానంలో చేతి సంచీలో చాకు తీసుకెళ్లనివ్వరు, చుట్టి లగేజీలో వేయాలి. బ్రిటన్‌లో చదువుకో ఉద్యోగానికో వెళ్లే తెలుగువారు తెలుసుకోవలసినది ఇంకొకటి. అక్కడ సరైన కారణం లేకుండా బహిరంగంగా వెంట ఉంచుకోగలిగేది 3 అంగుళాల లోపు అంచు ఉన్న, తాళం లేని మడత చాకు మాత్రమే. ఒపినెల్ పరిమాణాల్లో 8వ నంబరు చాకు అలుగు 8.5 సెంటీమీటర్లు, పైగా ఉంగరం తాళం ఉంటుంది, కాబట్టి రెండు విధాలా ఆ పరిధి దాటుతుంది. తాళం లేని పాత షెఫీల్డ్ పద్ధతి చాకులు ఇప్పటికీ అక్కడ బతికి ఉండటానికి ఈ చట్టం కూడా ఒక కారణం.

పెట్టెల్లో దశాబ్దాలుగా పడి ఉన్న పాత చాకు చేతికొస్తే బలవంతంగా తెరవకూడదు. తుప్పుతో బిగిసిన స్ప్రింగు విరగవచ్చు, అలుగు మీద గోరు పట్టే గాడి దగ్గర చీలిక రావచ్చు. కీలులో పలుచని నూనె వేసి రెండు మూడు రోజులు వదిలి, కొద్దికొద్దిగా కదపాలి. తెరుచుకున్నాక ఎర్ర తుప్పును నూనెతో తడిపిన సన్నటి స్టీల్ ఉన్నితో తీసి, నల్లని మరకలను అలాగే ఉంచాలి. కీలు వదులైందని మేకును సుత్తితో కొట్టడం మామూలుగా జరిగే పని. ఎముక, కొమ్ము పిడి ఆ దెబ్బకు మేకు చుట్టూ చీలిపోతుంది, కాబట్టి ఆ పని తెలిసినవారికి ఇవ్వడమే మేలు.

20వ శతాబ్దం మొదటి భాగంలో తయారైన చాకుల్లో రంగురంగుల పిడులు ఉన్నవాటిని ప్రత్యేకంగా చూడాలి. వాటిలో చాలావరకు సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్. కాలం గడిచేకొద్దీ అది విచ్ఛిన్నమై నైట్రోజన్ ఆక్సైడులను వదులుతుంది, అవి తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమవుతాయి. గాలి ఆడని డబ్బాలో ఆ ఆమ్లం ముందు ఆ చాకు అలుగునే తింటుంది, తర్వాత పక్కనున్న చాకుల అలుగులనూ తింటుంది. పిడి మీద సన్నటి పగుళ్లు, ఘాటైన వాసన, కారణం తెలియకుండా పక్క చాకుకు తుప్పు కనిపిస్తే ఆ చాకును మిగతావాటి నుంచి వేరుచేసి, అలుగు కొద్దిగా తెరిచి, గాలి ఆడే చోట విడిగా ఉంచాలి. సెల్యులాయిడ్ తేలికగా మంటలు అంటుకునే పదార్థం, అందువల్ల వేడి తగిలే చోటు దానికి పనికిరాదు.